వెల్బీ చౌకులో ఖైదీ సిపాయి

1983 మే 29, ఆదివారం. అయోవా రాష్ట్రం, వెల్బీ ఊరు. పగలంతా రోడ్డు మీద తారు కరిగి చెప్పులకంటుకునే ఎండ. సాయంత్రం ఆరింటికి పావుగంట సేపు వాన దంచికొట్టి, ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది. రాత్రి పదయ్యేసరికి ఏటి మీంచి పొగమంచు లేచింది. ముందు ధాన్యం గిడ్డంగి మాయమైంది, తర్వాత బ్యాంకు, తర్వాత మంగలి షాపు... చివరికి కోర్టు ముందున్న చౌకు కూడా.

ఆ చౌకుకి అసలే మంచి పేరు లేదు.

పగలు చూస్తే ఏముంది — నాలుగు మేపుల్ చెట్లు, రెండు బెంచీలు, నడుమ మొలెత్తు రాతి దిమ్మ మీద ఒక సిపాయి బొమ్మ. పావురాళ్లు దాని టోపీ మీద చెయ్యదగ్గవన్నీ చేస్తాయి. చీకటి పడితే మాత్రం ఆ దారిన ఎవరూ రారు. లూథరన్ చర్చి పాస్టరు గారికి దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా రాత్రిపూట ఇంటికెళ్లాలంటే ఆ మహానుభావుడు రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్లేవాడు. అడిగితే, "నడక ఒంటికి మంచిది" అనేవాడు.

ఎందుకంటే... ఆ బొమ్మ అడుగుతుంది.

1934లో మొక్కజొన్న విత్తనాలమ్ముకునే ఒకాయన, ఊరికి కొత్త, అర్ధరాత్రి ఆ దిమ్మ పక్కన ఆగి చుట్ట వెలిగించుకున్నాడట. వెనక నుంచి ఎవరో చెవి దగ్గర గుసగుసగా —

"అన్నా... దక్షిణం ఎటు?"

ఆయన చుట్ట దొరికింది. సంచి దొరికింది. ఆ ఏడు చౌకు నిండా మొక్కజొన్న మొలిచింది. ఆయన మాత్రం మళ్లీ వెల్బీలో అడుగు పెట్టలేదు. (ఆ కండెలు భలే తియ్యగా ఉన్నాయని అప్పటివాళ్లు ఇప్పటికీ అంటారు. అది వేరే సంగతి.)

అసలు కథ అంతకు నలభై మూడేళ్ల ముందుది. ఉత్తరాది రాష్ట్రాలూ దక్షిణాది రాష్ట్రాలూ నాలుగేళ్లు కొట్టుకు చచ్చిన యుద్ధం ముగిసి పాతికేళ్లు దాటింది. తిరిగొచ్చిన వెల్బీ సిపాయిలు ముసలివాళ్లవుతున్నారు. ఊరికొక స్మారకం ఉండాలనుకున్నారు. ప్రతి ఊరూ పెట్టుకుంటోంది మరి. చందాలు పోగేసి, తూర్పున ఎక్కడో ఉన్న పోత కార్ఖానా వాళ్ల పట్టీ చూసి, "ఉత్తరాది సిపాయి, జింకు పోత, లోపల బోలు" అని రాసి పంపారు. పెట్టె వచ్చింది. పండగ రోజు దాకా విప్పకూడదని గుడ్డ చుట్టే దిమ్మ మీద నిలబెట్టారు.

1891 మే నెల. బ్యాండు మోగింది. జడ్జీగారు గంటన్నర మాట్లాడారు. ముసుగు లాగారు.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

వెడల్పు అంచుల టోపీ. వీపు మీద సంచీకి బదులు భుజాన అడ్డంగా చుట్టిన దుప్పటి. చిరుగుల లాగు. అచ్చం దక్షిణాది సిపాయి వేషం. ఒంటిచేతి సిపాయి ఒకాయన ముందుకొచ్చి, బొమ్మ ముఖంలోకి బాగా చూసి, తాపీగా అన్నాడు —

"వీడు మనవాడు కాదు. నా చెయ్యి తీసింది వీడే."

కార్ఖానాకి ఉత్తరం రాశారు. రెండు పెట్టెలు తారుమారయ్యాయని, మీవాడు దక్షిణాదిన జార్జియాలో టార్బెట్ అనే ఊళ్లో ఉన్నాడని, రైలు ఖర్చులు మీవేనని జవాబొచ్చింది. మిగిలిన చందా అంతా బ్యాండుకీ పంది మాంసానికీ అయిపోయింది. పెద్దలు తలలు పట్టుక్కూచున్నారు. అప్పుడు ఆ ఒంటిచేతి ఆయనే అన్నాడు:

"అయితే వీడు ఖైదీ."

ఎవరూ నవ్వలేదు. అయోవా వాళ్లు ఇటువంటి వాటికి నవ్వరు. ఖైదీ అన్నాక కాపలా ఉండాలి కదా. ఏడాది పొడుగునా కుదరదు కనక, యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే మెమోరియల్ డే ముందు రాత్రి — ఇంటి మీద బెంగ పుట్టే రాత్రి — మాజీ సిపాయిలు వంతులేసుకుని, పొద్దు గుంకింది మొదలు తెల్లారేదాకా కాయాలని తీర్మానం చేశారు.

నియమాలు మూడే. ఒకటి, దిమ్మ పక్కనున్న మెట్టు దిగకూడదు. రెండు, ఖైదీ ఏమడిగినా పలకకూడదు, కదలకూడదు. మూడు, వంతు మార్చడానికి మనిషి వచ్చినప్పుడు "ఎవరది?" అనాలి, వాడు పేరు చెప్పాలి, అప్పుడు ఒంటి మీదున్న కోటు విప్పి వాడికి తొడగాలి. ఆ కోటు ఒంటిచేతి ఆయనది — నీలం ఉన్ని కోటు, భుజాల మీద పొట్టి కేప్, దానికి జతగా ఒక టోపీ, పేలని తుపాకీ. అప్పట్నుంచి తొంభై రెండేళ్లు. విషజ్వరాల ఏడు, గాలివాన ఏడు, కోర్టు కప్పు లేచిపోయిన ఏడు — ఒక్క రాత్రి కూడా ఆ మెట్టు ఖాళీ అవలేదు.

ఇక డెల్బర్ట్ క్రోగ్ సంగతి.

డెల్బర్ట్‌కి అరవై ఒకటి. బడి బస్సు నడిపేవాడు. మనిషి మంచివాడు. రెండో ప్రపంచ యుద్ధం జరిగినన్నాళ్లూ మిస్సోరీలో ఒక శిబిరంలో వంటవాడుగా ఆలుగడ్డలు చెక్కాడు. శత్రువు మిస్సోరీ దాకా రాలేదు. అది అతని తప్పు కాదు. కానీ ఊరు ఊరుకుంటుందా? 'ఆలుగడ్డల సిపాయి' అని పేరు పెట్టింది. పండగ ఊరేగింపులో జెండా పట్టుకునేవాళ్లు ముందు, యుద్ధం చూసినవాళ్లు నడుమ, డెల్బర్ట్ చివర — సూపు గంగాళం బండి పక్కన. నలభై ఏళ్లుగా అదే చోటు. ఖైదీ కాపలాలోనూ పొద్దు వాలేటప్పటి వంతే ఇచ్చేవారు, దయ్యం కూడా రాని వేళ.

ఆ ఏడు మనుషులు తగ్గిపోయారు. ఒకాయన మార్చిలో పోయాడు. ఇంకొకాయన మోకాలి చిప్ప మార్పించుకుని మంచం మీదున్నాడు. దాంతో ఒంటిగంట నుంచి మూడింటిదాకా వంతు డెల్బర్ట్‌కి వచ్చింది. మూడింటికి అతన్ని దింపేది రాస్కో టీమన్ — డెల్బర్ట్ భార్య మార్వా తమ్ముడు. టైర్ల షాపు. నావికాదళంలో పసిఫిక్ దీవుల దాకా వెళ్లొచ్చినవాడు. ఆ సంగతి తెలియని మనిషి జిల్లాలో లేడు. వాడే చెప్పేవాడు.

ఆదివారం రాత్రి మార్వా వంటింట్లో రాస్కో రూబార్బ్ కాడలతో చేసిన 'పై' అనే తీపి పిండివంట మూడో ముక్క తింటూ మొదలెట్టాడు.

"బావా, రాత్రి నీ చేతికి తుపాకీ ఇస్తారు. ఏ కొస ముందుకి పెట్టాలో తెలుసా?"

"తెలుసులేరా."

"పీలర్ కాదది, చెక్కడానికి."

"ఒరేయ్ రాస్కో," అంది మార్వా గిన్నెలు తోముతూ, "పై తిన్నంతసేపైనా ఆ నోరు మూసుకోరా."

"అది కాదక్కా! వాడు 'దక్షిణం ఎటు' అనగానే మీ ఆయన జాలిపడి, చెయ్యి పట్టుకుని జార్జియా దాకా దింపొస్తాడు. నా భయం అది."

డెల్బర్ట్ నవ్వాడు. తన పళ్లెం పక్కకి తోశాడు. చీకటంటే అతనికి చిన్నప్పట్నుంచీ హడల్. ఆ సంగతి మార్వాకి తప్ప ఎవరికీ తెలియదు. ఆమె రాస్కో వెళ్లాక మొగుడి కాలరు సర్ది, మెల్లగా అంది:

"ఒంట్లో బాగాలేదని చెప్పెయ్. నేను ఫోను చేస్తా."

"వద్దు మార్వా. ఈ ఒక్కసారి..." అని ఆగిపోయాడు.

ఆగిపోవడానికి కారణం ఉంది. కాపలాకి కెప్టెన్ ఓరిన్ హాడ్లీ గారు — మొదటి ప్రపంచ యుద్ధం నాటి మనిషి, ఎనభై ఏడేళ్లు, పెళ్లీ పెటాకులూ లేవు — అంతకు ముందే, పొద్దు గుంకే వేళ, మాజీ సిపాయిల సంఘం హాల్లో నీలం కోటు మొదటి వంతువాడికి తొడుగుతూ అందరి ముందూ అన్నాడు:

"వచ్చే ఏటికి నేనుండను. డాక్టరు చెప్పాడు, నాకూ తెలుసు. నా తర్వాత ఈ కోటూ కాపలా ఎవరి పాలవ్వాలో వీలునామాలో ఆ ఒక్క గీతా ఖాళీగా వదిలాను. ఈ రాత్రి చూసి రాసుకుంటా."

అందరూ రాస్కో వైపు చూశారు. రాస్కో వినయంగా నేల చూశాడు. డెల్బర్ట్ ఒక్కడే కోటు వైపు చూశాడు. కోటు ఎవరి పేర రాస్తే వాడే మర్నాడు జెండా పట్టుకునేది. సూపు బండి పక్కన కాదు.

ఒంటిగంటకి వంతు మారింది. దిగినవాడు కోటు తొడిగి, లాంతరు చేతికిచ్చి, "ఏమీ వినపడలేదు... ఇంతవరకూ" అని మంచులో కలిసిపోయాడు. అతని బూట్ల చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత అదీ లేదు.

డెల్బర్ట్ మెట్టెక్కి నిలబడ్డాడు. పక్కనే రెండడుగుల దూరంలో దిమ్మ మీద ఖైదీ. మంచులో నడుము పైన మసక మసకగా... టోపీ అంచు మాత్రం నల్లగా.

కాపలా రాత్రి చౌకు దీపాలు ఆర్పేస్తారు. అదొక ఆనవాయితీ. లాంతరొక్కటే దిక్కు. ఆ లాంతరు ఒంటిగంటా పదికి ఒకసారి రెపరెపలాడింది. చెమ్మ పట్టిన వత్తి. మళ్లీ రెపరెపలాడింది...

ఆరిపోయింది.

డెల్బర్ట్ కదల్లేదు. అగ్గిపెట్టె కోసం జేబులో చెయ్యి పెట్టడం కదలడం కిందికి వస్తుందా రాదా అని ఆలోచించాడు. వస్తుందనిపించింది. మనసులో ఆలుగడ్డలు లెక్కపెట్టుకున్నాడు. శిబిరంలో నిద్ర పట్టనప్పుడు అదే చేసేవాడు. డెబ్భై రెండో ఆలుగడ్డ దగ్గర —

"...దక్షిణం..."

ఊపిరంత మాట. అన్నదో లేదో కూడా తెలియదు. ఎడమ పక్క నుంచి. ఖైదీ ఉన్న పక్క నుంచి.

మెడ మీద వెంట్రుకలు ఉన్ని కాలర్లో గుచ్చుకున్నాయి. పలక్కూడదు. కదలకూడదు. డెబ్భై మూడు. డెబ్భై నాలుగు...

కోర్టు గడియారం ఒంటిగంటన్నర కొట్టింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఎంత భయంగా ఉంటుందో డెల్బర్ట్‌కి అప్పుడే తెలిసింది. రెండు కొట్టింది.

రెండు దాటిన కాసేపటికి... గడ్డి మీద అడుగులు. ఒక జత కాదు. రెండు. ఒకటి కాలీడుస్తోంది.

రాస్కో అయితే చేతిలో టార్చి ఉంటుంది, నోట్లో ఈల ఉంటుంది. ఇవి ఎవరి అడుగులు? అడుగులు దగ్గరకొచ్చాయి. ఆగాయి. ఈసారి ఎదురుగా, స్పష్టంగా, ముసలి గొంతు — సాగదీసిన మాట, ఈ ప్రాంతపు మాట కాదది, దక్షిణాది మాట —

"అయ్యా... దక్షిణం దారి ఎటయ్యా?"

డెల్బర్ట్ దవడలు బిగించాడు.

"అయ్యా..."

ఇంకో గొంతు, ఆడగొంతు, ఉస్సుమంది. తర్వాత గుసగుసలు. అందులో ఒక్క మాట మాత్రం అతనికి తెలిసింది.

"...వీడే."

పైనుంచి ఏదో పడింది. తెల్లగా, బరువుగా, తలమీంచి కాళ్లదాకా. లావెండరు పూల వాసన, పాత పెట్టె వాసన, చచ్చినవాళ్ల మీద కప్పే గుడ్డ వాసన. తర్వాత తాడు. చుట్టూ ఒకటి, రెండు, మూడు చుట్లు. తుపాకీ పక్కటెముకల్లో దిగబడింది. ఆ గుడ్డ మందంలోంచి మాటలు ముక్కలు ముక్కలుగా...

"...కాళ్లు పట్టు... మెల్లగా... తొంభై రెండేళ్లు కాచుకున్నాడు పాపం... ఇంటికి తీసుకుపోదాం..."

"...వెచ్చగా ఉన్నాడేంటి?"

"...ఎండకి కాగుంటాడు..."

నియమం అంటే నియమం. డెల్బర్ట్ కదల్లేదు. కర్రలా బిగుసుకుపోయాడు. లేచాడు గాల్లోకి. ఊగాడు. ఎక్కడో గట్టి చెక్కల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ముఖం మీద గుడ్డ కాస్త పక్కకి తప్పుకుంది.

మంచు పైన ఎక్కడి నుంచో చంద్రుడు పాలిపోయిన వెలుగు చిమ్ముతున్నాడు. డెల్బర్ట్ కళ్లు పక్కకి తిప్పాడు.

జానెడు దూరంలో ఒక మనిషి పడుకున్నాడు. నీలమో నలుపో తెలియని కోటు. భుజాల మీద పొట్టి కేప్. అదే టోపీ. చేతిలో అదే తుపాకీ. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప లేదు. ఊపిరి లేదు. ముఖం బూడిద రంగు...

అది తనే.

ఓహో, అనుకున్నాడు డెల్బర్ట్. అయిపోయిందన్నమాట. గుండె ఆగిందేమో. నొప్పి కూడా తెలియలేదు. నయమే. మార్వా ఒక్కతీ ఎలా ఉంటుందో... బస్సు తాళాలు కోటు జేబులో ఉండిపోయాయి, రేపు సెలవు కనక పర్వాలేదు...

కోర్టు గడియారం రెండున్నర కొట్టింది.

రెండున్నర! మూడింటిదాకా వంతు తనది. మెట్టు ఖాళీగా ఉంది!

రాస్కో వచ్చి చూస్తాడు. "చూశారా, ఆలుగడ్డల సిపాయి పారిపోయాడు" అంటాడు. రేపు శవపేటిక పక్కన నిలబడి మరీ అంటాడు. తొంభై రెండేళ్లలో ఎవడూ చెయ్యని పని చేసి చచ్చాడని ఊరు చెప్పుకుంటుంది. చావడం వేరు, వంతు తప్పడం వేరు. చచ్చినవాడికి కాపలా మాఫీ అని నియమాల్లో ఎక్కడా లేదు.

లేవబోయాడు. లావెండరు ముక్కులోకి పోయింది.

"హాఛ్!"

ఎదురుగా రెండు నీడలు. చీకటి చిరిగినట్టు రెండు కేకలు. ఏదో తలుపు ధడాలున మూసుకుంది. డెల్బర్ట్ పట్టించుకోలేదు. దొర్లి కింద పడ్డాడు. గడ్డి మెత్తగా తగిలింది. దయ్యాలకి దెబ్బ తగలదంటారు. ఇతనికి మోచెయ్యి గట్టిగానే తగిలింది. కాళ్లు కట్టేసి ఉన్నాయి కనక నడవలేడు. గెంతాడు. ముసుగు తన్నిన తెల్లటి స్తంభంలా, కాళ్లు రెండూ కలిపి, ఒక్కొక్క గెంతే గెంతుతూ, మంచులో తడుముకుంటూ... మెట్టు దొరికింది. ఎక్కాడు. తుపాకీ నిటారుగా పెట్టుకున్నాడు. గుడ్డ జారి మళ్లీ ముఖం కప్పేసింది. ఉండనీ.

డెబ్భై అయిదు. డెబ్భై ఆరు.

మూడింటికి అయిదు నిమిషాలుందనగా ఈల వినిపించింది. టార్చి వెలుగు మంచులో ఊగుతూ వచ్చింది. రాస్కో గొంతు:

"ఏం బావా, బతికే ఉన్నావా?"

డెల్బర్ట్ చచ్చిపోయాడు కదా. అబద్ధం చెప్పడం ఎందుకు? పైగా నియమం ప్రకారం ముందు అడగాల్సింది తను. గుడ్డ లోపల్నుంచి, నోటినిండా దూది పెట్టుకున్న గొంతుతో అడిగాడు:

"ఎవ... రది?"

టార్చి పైకి లేచింది. తెల్లటి ఆకారాన్ని కింది నుంచి పైదాకా చూసింది. నేల మీద పడింది.

తర్వాత వినిపించిన చప్పుడు బూట్లది. చాలా వేగంగా, చాలా దూరంగా. రాస్కో బూటు ఒకటి మర్నాడు మంగలి షాపు ముందు దొరికింది. మనిషి మాత్రం తన షాపులోనే, ట్రాక్టరు టైర్ల దొంతర లోపల దొరికాడు. బయటికి తియ్యడానికి ఇద్దరు పట్టారు.

పేరు చెప్పకుండా పోతే వంతు మారినట్టు కాదు. డెల్బర్ట్ అలాగే నిలబడ్డాడు. మూడు కొట్టింది. నాలుగు కొట్టింది. చచ్చాక కూడా కాళ్లు నొప్పి పుడతాయని ఎవరూ ముందే చెప్పలేదే అనుకున్నాడు.

అయిదింటికి తెలతెలవారుతుండగా చేతికర్ర టకటకమంటూ కెప్టెన్ హాడ్లీ వచ్చాడు. కాపలా ముగించడం ఏటేటా ఆయన పనే. మెట్టు మీద తాడు చుట్టిన తెల్లటి ముసుగుని చూశాడు. కంగారు పడలేదు. ఎనభై ఏడేళ్ల మనిషికి కంగారు పడే తీరిక ఉండదు.

"ఎవ... రది?" అంది ముసుగు.

"కెప్టెన్ ఓరిన్ హాడ్లీ. కాపలా దింపడానికి వచ్చాను."

"కెప్టెన్ గారూ... నేను డెల్బర్ట్‌నండి. చచ్చిపోయానండి."

"అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు కోటు అప్పగించు."

జేబుకత్తితో తాడు కోశాడు. ముసుగు జారింది. అది ముసుగు కాదు — తెల్లటి బొంత, అంచుల మీద గులాబీ పూల కుట్టు. డెల్బర్ట్ కోటు విప్పి ఇచ్చాక ఒళ్లంతా తడుముకున్నాడు. వెచ్చగానే ఉంది.

"నా శవం అక్కడుందండీ," అన్నాడు చౌకు చివరికి వేలు చూపిస్తూ.

అక్కడొక పాత ట్రక్కు. జార్జియా నంబరు. వెనక చెక్కల మీద జింకు సిపాయి ఒకడు వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నాడు — పొట్టి కేప్ కోటు, ఉత్తరాది టోపీ. ముందు అద్దాలన్నీ బిగించుకుని, లోపల ఒక ముసలాయనా ఒక ముసలావిడా ఒకరినొకరు పట్టుకుని కూచున్నారు. కెప్టెన్ కర్రతో అద్దం మీద కొట్టాడు. ఆవిడ రెండంగుళాలు దించింది.

"ఆ తెల్లది... పోయిందాండీ?"

టార్బెట్ ఊరి నుంచి వచ్చిన ఏసా టిస్‌డేల్, అతని చెల్లెలు డెసీ. వాళ్ల తాత కాలం నుంచీ టార్బెట్ చౌకులో ఉన్నది వెల్బీ సిపాయి. ఉత్తరాదివాణ్ణి చూడలేక ఊరివాళ్లు వాడి ముఖం గోడ వైపు తిప్పి పెట్టారు. మా వాణ్ణి మాకివ్వండి, మీవాణ్ణి పట్టుకుపొండి అని వెల్బీ పెద్దలకి డెసీ ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు రాసింది. "పరిశీలనలో ఉంది" అని ముప్ఫై జవాబులొచ్చాయి. ఆఖరికి, అడిగి లాభం లేదు, అడక్కుండా మార్చుకుందాం అని బయల్దేరారు.

"మరి నన్నెందుకండీ మోసుకుపోయారు?" అన్నాడు డెల్బర్ట్ దీనంగా.

"అన్నయ్య కళ్లజోడు ఇల్లినాయ్‌లో విరిగింది," అంది డెసీ అన్నని చూపిస్తూ. "నాకేమో రాత్రిపూట ఆనదు. బొమ్మలా నిలబడితే బొమ్మే అనుకుంటాం మరి! చీమ కుట్టినా కదలకుండా అలా నిలబడతారా ఎవరైనా?"

"నేను ముందు దారి అడిగాను కదే," అన్నాడు ఏసా. "జవాబు చెప్పలేదు. 'అన్నయ్యా, బొమ్మతో మాట్లాడుతున్నావు' అని తిట్టింది నువ్వే."

"పెట్టెలోంచి మంచి బొంత తీసి మరీ కప్పాను, గీతలు పడతాయని! అది లేచి తుమ్మేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అన్నయ్య తాళం గడ్డిలో పడేశాడు. ఇంక ఎక్కడికి పోతాం?"

సంఘం హాల్లో మార్వా అందరికీ కాఫీ పోసింది, మిగిలిన రూబార్బ్ పై పెట్టింది. డెసీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చక్కెర తగ్గిందంది. మార్వా గిన్నె కాస్త గట్టిగా పెట్టింది.

డెల్బర్ట్ మనసంతా ఒకచోటే ఉంది. చివరికి అడిగేశాడు.

"కెప్టెన్ గారూ, నేను మెట్టు దిగాను. కాసేపు ఖాళీగా ఉంది. కాపలా తెగిందాండీ?"

కెప్టెన్ గడ్డం గోక్కున్నాడు.

"కాపలా దేనికి?"

"ఖైదీ పారిపోకుండా అండీ."

"పారిపోయాడా?"

"లేదండీ. దిమ్మ మీదే ఉన్నాడు."

"నువ్వు దిగావా, దింపారా?"

"దింపారండీ."

"శత్రువు వచ్చి కాపలావాణ్ణి ఎత్తుకుపోతే వాడు యుద్ధ ఖైదీ. చెర నుంచి తప్పించుకుని, చచ్చానని తెలిసి కూడా, గెంతుకుంటూ తన చోటికి తిరిగొచ్చినవాడు..." అని ఆగి కాఫీ తాగాడు. "ఆ ఒంటిచేతి ఆయన్ని నేను చిన్నప్పుడు చూశాను. ఆయన కూడా ఇంత చెయ్యలేదు. తెగలేదు."

డెల్బర్ట్ రుమాలు కోసం వెతుక్కున్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చింది.

"ఏసా గారూ, దక్షిణం ఎటు అని నన్ను రెండుసార్లు అడిగారు కదూ? ఒంటిగంటన్నర లోపు ఒకసారి..."

ఏసా, డెసీ ముఖాలు చూసుకున్నారు.

"రెండు గంటలకి మేం ఇంకా ఊరి బయట పెట్రోలు బంకులో ఉన్నామండీ," అంది డెసీ. "కావాలంటే అక్కడి పిల్లనడగండి."

అందరూ అటు తిరిగారు. కిటికీలోంచి చౌకు కనిపిస్తోంది. మంచు విడిపోయింది. ఖైదీ టోపీ మీద ఒక పావురం.

"పై తినండి," అన్నాడు కెప్టెన్.

ఆ ఉదయమే, ఊరేగింపుకి ముందు, తొంభై రెండేళ్ల తర్వాత ఖైదీల మార్పిడి జరిగింది. ధాన్యం గిడ్డంగి క్రేను తెచ్చి ఇద్దర్నీ మార్చారు. జెండా ఎవరు పట్టుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. ఖైదీ లేడు కదా, ఇంక కాపలా ఎందుకు అని ఎవరో అడిగితే కెప్టెన్ ఒప్పుకోలేదు. "మనవాడు తొంభై రెండేళ్లు గోడ చూస్తూ బతికాడు. మొదట్లో తోడు లేకపోతే బెంగెట్టుకుంటాడు" అన్నాడు.

కెప్టెన్ ఓరిన్ హాడ్లీ మరుసటి జనవరి 11న, మంచు మోకాళ్లెత్తు పడిన రోజు, నిద్రలో పోయాడు. వారం తర్వాత వకీలు హాల్లో వీలునామా చదివాడు. ఇల్లు ఊరి గ్రంథాలయానికి. తేనెటీగల పెట్టెలు పాస్టరు గారికి, "నడకతో పాటు" అన్న వ్యాఖ్యతో. చదివే కళ్లజోళ్లు మూడూ ఏసా టిస్‌డేల్‌కి. తన ట్రక్కు డెసీకి, ఆ రాత్రి గెంతుల్లో చిరిగిన బొంతకి బదులుగా. మార్వాకి వంటగది గడియారం, ఆవిడ ఎప్పుడూ మెచ్చుకునేదని. నీలం కోటు, టోపీ, తుపాకీ, కాపలా కెప్టెన్ పదవి — ఖాళీగా వదిలిన గీత మీద వేరే సిరాతో — డెల్బర్ట్ క్రోగ్‌కి.

వకీలు కాగితం మడతపెట్టబోయాడు. రాస్కో వెనక వరసలోంచి లేచి, అటు వైపు కూడా ఏమైనా ఉందేమో చూడమన్నాడు.

వకీలు తిప్పి చూపించాడు. తెల్లగా ఉంది.